ముప్పై మూడో పేజీ

నల్లగొండ గడియారం కాడ
పాత కాగితాలు తూకమేసే సోమలింగం
ఫోన్ చేసి ఒక్క మాటే అన్నడు:
"సారూ, మీ దయ్యం దొరికింది."

పశువుల దవాఖానల కాంపౌండర్‌ను.
ఎద్దుకు గుచ్చాల్సిన సూది ట్రేలనే వదిలేసి
స్కూటర్ తన్నిన.

'కొరివి' బొమ్మల మాసపత్రిక,
ఎనభై ఒకటి, ఆషాఢం సంచిక.
అట్ట మీద పచ్చమొగం ఆడామె.
పెదవి ఎరుపు గీత దాటి గదుమ మీదికి కారింది.
అచ్చు తప్పో నెత్తురో
అప్పుడూ తెల్వదు, ఇప్పుడూ తెల్వదు.
వెనక అట్టకు పండ్లపొడి ప్రకటన.

చండూరు బస్టాండుల లతీఫ్ సాబు డబ్బా.
తాళ్ల మీద బట్టలారేసినట్టు దయ్యాలు:
పాదాలు వెనక్కి తిరిగినయి,
తల సంకల పెట్టుకున్నయి,
బాయిల నుంచి ముందుగాల జుట్టొచ్చేటియి.
లతీఫ్ సాబుకు తెలుగు చదువరాదు.
బొమ్మను చూసి అద్దె చెప్పేటోడు:
పుర్రెకు పది పైసలు, ఆడదయ్యానికి పదిహేను,
మూల మడిస్తే ఇంకో అయిదు.

నాయిన మిర్యాలగూడ బియ్యం మిల్లుల రాత్రి కావలి.
అమ్మ నాట్లేసొచ్చి మాటల నడుమనే నిద్రవొయ్యేది.
అండాలక్క కందిలి వత్తి తగ్గించి
నా చెద్దర్లకు దూరేది.
అక్షరాలు ఆమెయి, బొమ్మలు నాయి,
పేజీ తిప్పే హక్కు మాత్రం ఆమెదే.

ఒక కథల ఎముకల గూడొచ్చి తలుపు కొట్టింది.
నేను భయపడలె.
"అక్కా, ఇది మన దిక్కుది గాదు,
కాళ్లు తిన్నగున్నయి" అన్న.
మా బోరింగు నీళ్లు తాగిన ఎముకలు
బడికి పోయే ఈడుకే వంగేటియి.
బొమ్మలు గీసినాయనకు
ఆ సంగతి ఎవలూ చెప్పినట్టు లేదు.
అక్క నవ్వలేదు. పేజీ తిప్పింది.

ఆషాఢం సంచిక మాత్రం
ముప్పై రెండో పేజీ కాడ ఆగింది.
పచ్చమొగం ఆడామె ఊయల మీదికి వంగింది.
పక్క పేజీ లేదు,
చింపిన అంచు నూలుపోగు లెక్క వేలికి తగిలింది.
మిగిలిన కథ అక్కనే చెప్పింది:
ఆమె పిల్లను ఎత్తుకపోలేదట,
తెల్లందాక దోమలు తోలిందట,
కోడి కూసేసరికి పోయిందట,
కొంగు పీలిక ఒకటి
ఊయల తాడుకు మిగిలిందట.

ఇరవై ఏండ్ల సంది తిరుగుతున్న.
దేవరకొండ, జడ్చర్ల, వనపర్తి,
పాత ఇనుప కాంటాలు, మూతబడ్డ లైబ్రరీలు,
చచ్చిపోయిన సార్ల ట్రంకుపెట్టెలు.
నూట నలభై మూడు జమైనయి.
నడుమ నడుమ వేపాకు, మీద నంబరు చీటీ.
నా అసొంటోళ్లు ఇంకో ముగ్గురున్నరు.
కలిస్తే పిల్లల పెండ్లిళ్ల ముచ్చట రాదు,
పిన్ను తుప్పు ఎట్ల తియ్యాలె, గిదే.

పన్నెండు వందలిచ్చిన.
ఇంట్ల నూటయాభై అని చెప్త.
పోయేదాక ఆగబుద్ధి కాలె,
కాంటా పక్కన ఇటుక మీద కూసోని తిప్పిన.
ముప్పై మూడు.
నాలుగు బొమ్మలు.
మంత్రగాడొచ్చిండు, నిమ్మకాయ కోసిండు,
ఆమె పొగైంది. సమాప్తం.

ఇంతేనా.

అక్కకు ఫోన్ చేసిన.
గద్వాల హాస్టల్ల వంటసామాను లెక్క రాస్తున్నది,
వెనక పోపు చిటపట.
"ఏం పుస్తకమురా? నాకు యాదికి లేదు.
ఉప్పు ఎన్ని ప్యాకెట్లే, యాదమ్మా?"
చింపింది నువ్వేనా అని
నోటిదాక వచ్చింది, అడగలె.

రాత్రి స్కేలు పెట్టి
ఆ పేజీ మెల్లగ చింపిన.

సంచిక ధర సగానికి సగం పడ్డదని
కండక్టర్ కృష్ణమాచారి
ఇప్పటికీ నాతోని మాట్లాడుతలేడు.