పురి

లోడ్జ్ నగరం. మూతపడ్డ నూలు మిల్లు మూడో అంతస్తు.
సీలింగ్ పలక జరిపితే
వితోల్డ్ భుజాల మీద ఎర్ర ఇటుక దుమ్ము,
దాంతోపాటే జారిపడ్డ కేటగిరీ త్రీ.
టెలిఫోన్ల కాలపు బూడిదరంగు తీగ,
ఒక "హలో"ని మోసి అలిసిపోయేది.
దాని పక్కన ఫైవ్-ఈ,
ఎవరో మేకు కింద నలిపేసింది.

ఇప్పుడు లాగుతున్నది సిక్స్-ఏ.
లావుపాటిది, మొండిది,
మూల తిరగమంటే తిరగదు.

పదిహేడో గదిలో టెస్టర్ మూడుసార్లు ఎర్రబడింది.
పొడవు సరే, రంగుల వరస సరే,
పక్క జంట మాట
ఈ జంటలోకి కారుతోందట.

తుడుపుకర్ర గోడకానించి బోజెన్న వచ్చింది.
ఇదే హాల్లో పంతొమ్మిదేళ్లు కండెలు మార్చిన మనిషి.
"చివర ఎంత విప్పావు?"
"రెండు వేళ్ల మేర. సులువుగా ఉంటుందని."
"పురి విప్పాక అది నూలేంటి, దూది."

తొక్క వలిచిన ముక్క అందుకుని
గోటితో లెక్కపెట్టింది.
నీలం జంటది ఒక బిగువు, గోధుమ జంటది ఇంకో బిగువు.
"అన్నీ ఒకే పురైతే
ఒకదాని గుట్టు ఇంకోదానికి తెలిసిపోదూ!"
ఈ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు.

వితోల్డ్ కోసి, మళ్లీ మొదలుపెట్టాడు.
జాక్ పళ్ల దాకా పురి వదల్లేదు.

పచ్చ.

బోజెన్న అటు చూడలేదు.
నేల మీది కేటగిరీ త్రీ ముక్కని
వేలికి చుట్టుకుంటోంది.
"వదులు పురే. అయినా
మిల్లు మూసేస్తున్నామన్న ఫోను దీని మీదే వచ్చింది.
ఒక్క మాట తప్పిపోలేదు."