ముప్పై సెకన్లు

పపర్దె హాల్టులో చలి మైనస్ పదకొండు.
రెండో బ్యాటరీని చంకలో పెట్టుకున్నాను,
గుడ్డును పొదిగినట్టు.

గుల్బెనె నుంచి రావాల్సిన చిన్న బండి
ఇంకా రాలేదు.
లాంతరు పట్టుకున్న స్కైద్రితె అడిగింది:
"నన్నేం చేయమంటావు?"
ఏమీ చేయొద్దు. కదలొద్దు, అంతే.
"ఇరవై ఆరేళ్లుగా బండిని ఆపుతున్నదాన్ని,
నన్నే ఆపుతావా నువ్వు!"

ముందు పట్టాలు మోగాయి. తర్వాత చెట్లు వెలిగాయి.
మీట నొక్కాను.
బండి వచ్చింది, ఒక తలుపు తెరుచుకుంది,
ఎవరో సంచితో దిగారు,
బండి పోయింది.
నేను లోలోపల లెక్కపెడుతూనే ఉన్నాను.

కన్ను మూశాక కెమెరా
ఇంకో ముప్పై సెకన్లు
ఒట్టి చీకటినే ఫోటో తీసుకుంటుంది,
తన లోపలి నలుసులేవో తెలుసుకుని
బొమ్మలోంచి ఏరి పారేయడానికి.
మనిషికి ఆ మీట ఎక్కడ పెట్టారో!

అప్పుడు చూపించాను.
బండి లేదు. దాని చోట పల్చటి వెలుగు గోడ,
గోడలోంచి బర్చి చెట్లు,
నడుమెత్తున రెండు ఎర్ర గీతలు.
దిగిన మనిషి లేడు, సంచీ లేదు.
ఆమె మాత్రం బూట్ల నుంచి భుజాల దాకా
చెక్కినట్టుంది.
ముఖమే చెదిరింది.

"తల తిప్పానా?"
తిప్పావు.
"ఇల్మార్స్ అనుకున్నాను," అంది
లాంతరు వత్తి తగ్గిస్తూ.
"నా నిచ్చెన పట్టుకెళ్లి మూడేళ్లయింది."

మళ్లీ తీద్దామంటే
ఈ రాత్రికి ఇంకో బండి లేదు.
మంచు మీద అడుగులున్నాయి,
పొలం వైపుకి,
ఇంకా పూడకుండా.