పల్లాలమ్మ గుడ్డు

అంబాజీపేట కొబ్బరి రాశి దగ్గర
కాయలు ఒలుస్తూ
వానొచ్చిన ప్రతి పూటా అదే చెప్పేది పల్లాలమ్మ:

"ఎనభయ్యారు వరద. నాటుపడవ.
నా ఒళ్ళో కోడిపెట్ట.
లంక దాటకముందే గుడ్డెట్టేసింది, ఆయ్!"

ఒకసారి ఒక గుడ్డు, ఒకసారి రెండు.
"మొన్న ఒకటే అన్నావుగా" అంటే
"చెప్పేది నేనా నువ్వా" అని
గునపం మీద కాయ ఠక్కున దించేది.

ఈ వానాకాలం ఆమె చోట
గోనెపట్టా ఒక్కటే ఉంది.
కొత్తగా చేరిన పిల్ల దానిమీద కూర్చోబోయి
ఎవరిదని అడిగింది.

ఎవరూ మాట్లాడలేదు.
నేనే మొదలెట్టాను,
"ఎనభయ్యారు వరద..."
అప్పటికి నేను పుట్టనేలేదు.

"పడవ కాదే, పంటు" అంది వీరవేణి.
"నల్లపెట్ట" అంది ఇంకొకతె.

పీచు అంటిన నా అరచేతిలో
గుడ్డు ఇంకా వెచ్చగానే ఉంది.