అరగంట తేడా

బిష్కెక్‌లో మనకన్నా అరగంట ముందు.
అంతే తేడా.
ఆటోనగర్లో ఎవరికి చెప్పినా నమ్మరు.
"అంత దూరం పంపించి అరగంటేనా మస్తాన్!" అంటారు,
ఏదో బేరంలో నేను మోసపోయినట్టు.

ఫీజు సంగతి చెప్పను.
దానికి అప్పు దొరుకుతుంది, వడ్డీకో లెక్క ఉంటుంది,
బ్యాంకులో ఆ అమ్మాయి వేలు పెట్టిన చోటల్లా సంతకం చేస్తే
డబ్బు మంచుకొండలు దాటి పోతుంది.
ఫోన్లో ఏం మాట్లాడాలో మాత్రం
ఏ కౌంటర్లోనూ చెప్పలేదు.

మొదటి ఏడాది డిసెంబర్లో అడిగాను:
"ఎన్నొచ్చాయమ్మా?"
అటునుంచి హీటరు చప్పుడు.
తర్వాత తొమ్మిది రోజులు రిజ్వానా ఫోనెత్తలేదు.
ఆ తొమ్మిది రోజుల్లో నేను సాపు చేసిన లారీ డోరు
ఒక్కటీ సరిగ్గా మూతపడలేదు.

సైదాబీ నన్నేమీ అనలేదు.
పొడికని కందిపప్పు వేయిస్తూ, మూకుడు వైపే చూస్తూ,
"మార్కులు ఆ కాలేజీ వాళ్లు అడుగుతారుగా,
మళ్లీ మనమెందుకు?" అంది.
"ఏం వండుకున్నావో అడుగు.
మాడిందంటే, ఎందుకు మాడిందో అడుగు."

అలా తెలుసుకున్నాను,
అక్కడ క్యాబేజీ కిలో ఎంతో,
ఏడో అంతస్తుకి లిఫ్టు ఏ రోజుల్లో రాదో,
పక్కగది పిల్ల మన గోంగూర పచ్చడి నాకి
కళ్లనీళ్లు తుడుచుకుంటూ
మళ్లీ గిన్నె ఎలా చాపిందో.

ఒక సాయంత్రం తనే చేసింది.
"నాన్నా, ఇక్కడ మరీ నిశ్శబ్దం.
చదివింది ఎక్కట్లేదు."
నాకు వెంటనే అందలేదు.
మూడో క్లాసు నుంచి ఇంటరు దాకా
బడి వదలగానే షెడ్డుకొచ్చి
పాత లారీ సీటు మీద బాసింపట్టు వేసుకుని
నా సుత్తిదెబ్బల మధ్యే ఎక్కాలు వల్లెవేసిన పిల్ల కదా.

"ఫోను బెంచీ మీద పెట్టేసి
నీ పని నువ్వు చేసుకో," అంది.

వైసుకి ఆనించి పెట్టాను.
గుడివాడ లారీ మడ్‌గార్డు. ఠంగు, ఠంగు.
ఇక్కడ నేను బండి ఒళ్లు సాపు చేస్తుంటే
అక్కడ తను మనిషి ఒంట్లో ఎముకల్ని
పేరుపేరునా పిలుచుకుంటోంది.
టీ తాగుదామని ఆగానో లేదో,
"నాన్నా, ఆపేశావేం?"

కుర్రాడు ఏసుపాదం అప్పట్నుంచీ
రేకు ఎంత గట్టిగానైనా కొడతాడు గానీ
బూతులు మానేశాడు,
అక్క వింటుందని.

సోమవారం పరీక్ష.
ఆదివారం వీధంతా షట్టర్లు దించి ఉంది.
కృష్ణలంక నుంచి బండేసుకుని వెళ్లి నాది ఒక్కటీ ఎత్తాను.
చేతిలో పనేమీ లేదు.
మూలనున్న తుప్పు బానెట్టు బయటికి లాగి
ఎవరూ అడగని సొట్టలన్నీ తీశాను.
పదకొండుకల్లా సొట్టలైపోయాయి.
ఏం చెయ్యను,
నేనే ఒక సొట్ట పెట్టాను,
మళ్లీ తీశాను.

వాచ్‌మన్ వచ్చి చూశాడు, "ఎవరి బండి?"
మోగుతున్న సుత్తి ఆపకుండానే
రెండో చేతి వేలు పెదాల మీద పెట్టి, ఉష్ అన్నాను.
ఎండదెబ్బ అనుకున్నాడేమో,
సీసాతో నీళ్లు తెచ్చి పక్కన పెట్టి పోయాడు.

మనకి పన్నెండున్నర, వాళ్లకి ఒంటిగంట.
"తినేసొస్తా నాన్నా, నువ్వూ తిను," అని పెట్టేసింది.

ఇది జరిగి మూడు వారాలు.
ఏమైందో తను చెప్పలేదు, నేనడగలేదు.
నిన్న వంకాయ కూర వండిందట, ఉప్పెక్కువైందట.
ఎందుకెక్కువైందో ఇరవై నిమిషాలు మాట్లాడుకున్నాం.

బానెట్టు మాత్రం ఇప్పుడు కొత్తదానిలా ఉంది.
దానికి లారీయే లేదు.