రసీదు

ఏటుకూరు రోడ్డులో కోల్డ్ స్టోరేజీ ఆఫీసు పైన గది మాది.
కిటికీ తెరిస్తే ఘాటు, మూస్తే ఉక్క.
నలుగురం తుమ్ముకుంటూ
అంగారకుడితో ఎలా మాట్లాడాలో రాసుకుంటున్నాం.

కమీషన్ కొట్టు క్యాలెండరు తిరగేసి
నాంచారమ్మ రెండు సున్నాలు చుట్టింది.
ఒకటి మనం. ఒకటి అక్కడ.
మధ్యలో గీత గీయబోయి ఆగింది.
"గీత ఎప్పుడూ ఉండదుగా.
గ్రహం తిరిగితే తెగుద్ది,
సూర్యుడు అడ్డొస్తే రెండు వారాలు గల్లంతు."
చుక్కలు పెట్టింది.

"మనం హలో అంటే
తిరిగి హలో వినడానికి నలభై నిమిషాలు" అన్నాడు జోజిరెడ్డి.
"మా మేనమామ బాకీ కన్నా నయమే" అంది మస్తాన్‌బీ.

పనులు పంచుకున్నాం.
మూట కట్టడం జోజికి, దారి వెతకడం నాంచారమ్మకి,
తప్పులు పట్టడం మస్తాన్‌బీకి, ఎలాగూ పడుతుంది కాబట్టి.
నాకు తేదీలు.
దాచడం దగ్గర ఆగిపోయాం.
అవతల పలకనప్పుడు మూట ఎవరి దగ్గరుండాలి,
ఎన్నాళ్లు, ఎప్పుడు పారెయ్యాలి?
గంటన్నర అరుచుకున్నాం.

గొడవ విని పైకొచ్చాడు గుమాస్తా వీరరాఘవులు.
క్యాలెండరు వంక చాలాసేపు చూశాడు.
"ఏ ఊరికి లోడు?"
చెప్పాం. నవ్వలేదాయన.
"దూరమే. మరి రసీదు?"

లారీ ఎక్కించినంత మాత్రాన
చేతులు దులుపుకోకూడదట.
అవతలి గోడౌనువాడి సంతకం తిరిగొచ్చేదాకా
ఆ టిక్కీ పూచీ ఈయనదేనట.
"రాకపోతే?"
"మళ్లీ పంపడానికి నాది మిరపకాయమ్మా.
మీదైతే ఎన్నిసార్లైనా పంపొచ్చు."
"రెండూ చేరితే?" అంది మస్తాన్‌బీ, రాసుకుంటూ.
ఎన్నాళ్లు దాస్తారని అడిగితే
గోతం మీద తేదీ ఉంటుందన్నాడు.
"రంగు పోయిన కాయ ఎవడిక్కావాలి?"
ఖాళీ గ్లాసులు తీసుకుని దిగిపోయాడు.

అందరూ వెళ్లాక నేనొక్కదాన్నే మిగిలాను.
కాగితం మీద దాచడం ఎదురుగా పేరు లేదు.

కిందటి ప్రాజెక్టులో ఏలీషా ఉండేవాడు.
పరీక్ష పోయాక చీరాల వెళ్లిపోయి
నాలుగు రోజులు పలకలేదు.
పేరు కొట్టేసింది నేనే.
గడువన్నాను. అందరూ సరేనన్నారు.
అతను సగం రాసిన కోడు ఇంకా నా దగ్గరే ఉంది,
పారెయ్యలేదు, ఎవరికీ అప్పగించలేదు.
పూచీ అనే మాట అప్పుడు నాకు తెలీదు అనుకుంటే
కొంచెం తేలిగ్గా ఉంటుంది. తెలుసు.

రాశాను:
"నీ కోడు భద్రంగా ఉంది.
దాచే పని ఎవరూ తీసుకోలేదు."
ఒక్క టిక్కు పడింది.

కింద హమాలీలు లెక్క పాడుతూ లారీ నింపుతున్నారు.
నలభై నిమిషాలు చూద్దామనుకున్నాను.
తర్వాత ఇంకో నలభై.
కిటికీ తెరిచాను.
తుమ్మాను.