రోహిణి కార్తెలో

ప్రహరీ మీద ఎర్రరంగుతో గీత గీసి
పక్కన ఒక అంకె వేసి వెళ్లారు కార్పొరేషన్ వాళ్లు.
గీతకి ఇవతల నేను, మంచం, కుక్కరు, యూనిఫాం ఆరేసే తీగ.
అవతల మూడు గులాబీ చెట్లు.
సోమవారం జేసీబీ వస్తుందట.

"మే నెలాఖరున గులాబీ పీకుతారా ఎవరన్నా!
కార్తీకం దాకా ఆగండి సిస్టర్‌గారూ" అన్నాడు
బండి మీద మొక్కలమ్మే అతను.
రోడ్డు ఆగదు కదా నాయనా, అన్నాను.
అవును, అది ఆగదు, అని ఒప్పుకుని
కత్తెర అరువిచ్చి పోయాడు.

రోళ్లు పగిలే ఎండలంటారు.
మా కొరిటెపాడు సందులో రోళ్లెక్కడివి,
తారు మెత్తబడి చెప్పు ఊడొస్తోంది.

నైట్ డ్యూటీకి పోయేముందు
మూడింటికీ బిందెలు బిందెలు పోశాను.
తడిసిన మట్టి వేరును వదలదని
నాకెవరు చెప్పారో గుర్తులేదు,
మనిషిని మంచం మార్చేటప్పుడు
దుప్పటితో సహా ఎత్తమని మాత్రం
వార్డులో అందరికీ నేనే చెబుతాను.

ఆదివారం పొద్దువాలాక
మిర్చి యార్డు నుంచి నేరుగా వచ్చాడు నాగూర్‌మీరా,
గునపం, ఆరు ఖాళీ గోతాలు.
ముందు కొమ్మలు కొట్టాలి, మోకాటి ఎత్తుకి.
పూసినవి కూడానా?
పూసినవి కూడా.
పదహారేళ్లు సూదులు గుచ్చిన చేతులు
ఆ ఒక్క పనికి ఆడలేదు.
సువార్తమ్మ కత్తెర లాక్కుని టకటకా కోసి
పూలన్నీ కొంగులో పోసుకుంది,
రాత్రి కూడికకి పనికొస్తాయంటూ.

మొదటిది నాకు ముందు అద్దెకున్నవాళ్లది.
పేరు తెలీదు, వాళ్లదీ, దానిదీ.
రెండోది వినుకొండ నుంచి ఒక పేషెంటు,
డిశ్చార్జయిన నెలకి
ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చింది.
మూడోది నేను కొన్నాను, నలభై రూపాయలకి.
ఎందుకు కొన్నానో ఇక్కడ చెప్పను.

చుట్టూ జానెడు వదిలి తవ్వుతుంటే
వేరు తెగినప్పుడల్లా
పంటితో దారం కొరికిన చప్పుడు.
మట్టిగడ్డని గోతంలో చుట్టగానే
ముగ్గురం ఒకేసారి తుమ్మాం.
"ఇంత ఘాటులో చీడ కూడా పట్టదమ్మా"
కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు మీరా.

ట్రాలీ ఆటో. నల్లపాడు.
పర్రెలు విచ్చిన రేగడి, చెయ్యి పట్టేంత.
ఉత్తరపు గోడ వారన మూడు గుంతలు,
పైన పాత వాయిల్ చీర,
పక్కన మూడు కర్రలు,
కర్రలకి తలకిందులుగా ఖాళీ సెలైన్ సీసాలు, నిండా బోరు నీళ్లు.
నిమిషానికి ఇరవై చుక్కలు.
వాచీ చూసి లెక్కపెట్టాను. నవ్వుకోండి.

తర్వాత పన్నెండు రోజులు
తెల్లవారుజామున డ్యూటీ దిగి వచ్చి
గోటితో బెరడు గీకి చూడటమే.
పచ్చగా ఉంది.
ఇంకా పచ్చగానే ఉంది.
రెండోది కొస నుంచి నల్లబడుతోంది.
"రోజూ గీకితే బతికేది కూడా చస్తుంది, ఒదిలెయ్"
ఫోన్లో సువార్తమ్మ.

మృగశిరలో రెండు జల్లులు పడ్డాయి.
వినుకొండది లాగితే వచ్చేసింది, తేలిగ్గా,
చంటిపిల్ల చేతిలోంచి వేలు జారినట్టు.
ఆవిడ నంబరు నా దగ్గర లేదు.
ఉన్నా చెప్పేదాన్ని కాదు.

పేరు తెలియనిది చిగురేసింది,
ఎర్రగా, ఏమీ జరగనట్టు.

నాదీ వేసింది. కాని కింద నుంచి,
అంటు ముడికి దిగువన, మట్టిని చీల్చుకుని
ఒకటే చువ్వ, ఈనెకి ఏడేసి ఆకులు.
బండతను ఈ వైపూ వస్తాడు. వంగి చూశాడు.
"ఇది మీ గులాబీ కాదు సిస్టర్‌గారూ, అడవిది.
దీని మీదే మీది కట్టారు.
కోసెయ్యండి, లేకపోతే పైదాన్ని తినేస్తుంది."

పైన తినడానికేముంది, ఎండుపుల్ల.
మరి ఇన్నేళ్లూ నేను నీళ్లు పోసింది దేనికి?
అడుగుదామనుకున్నాను, అతనికి బేరం తగిలింది.

కత్తెర తిరిగిచ్చేశాను.
సీసా మాత్రం తిప్పలేదు,
నిమిషానికి ఇరవై.