చిటికెడు ఉప్పు

త్రోండెలాగ్‌లో అక్టోబరు వాన.
ఓస్ముండ్ బార్లీ చేను అంచున
డ్రిల్లు బండి లోతునుంచి లాగిన
బూడిదరంగు బంకమన్ను.

తూరా దాన్ని బల్లమీద నిలబెట్టింది. నిలబడింది.
గరిటెతో కలిపింది.
మజ్జిగయింది.

ముసలి రైతు టోపీ తీశాడు.
"దీనిమీదేనా మా గొడ్ల కొట్టం?"

ఇది ఒకప్పటి సముద్రం అడుగు, అందామె.
ప్రతి మట్టిరేకూ పుట్టుకతోనే
ఒళ్ళంతా ఋణం మోస్తుంది.
ఉప్పునీళ్ళున్నన్నాళ్ళూ
ధనం పట్టుకుని సోడియం అయాన్లు
తోసుకుంటూ వచ్చి రేకును ఆనుకునేవి,
ఒత్తుగా, పల్చటి పొరలో.
పక్క రేకుకి ఈ రేకు అప్పు తెలిసేది కాదు.
అలా ఒకదానిమీద ఒకటి ఒరిగి
పేకమేడ కట్టుకున్నాయి.

తర్వాత మంచు కరిగి నేల పైకి లేచింది.
వేల ఏళ్ళ వాన
ఉప్పునంతా కడిగేసింది.
మిగిలిన అయాన్లు మబ్బులా విచ్చుకున్నాయి,
మబ్బూ మబ్బూ తగిలి
రేకుల మధ్య ఒకటే తోపులాట.
మేడ ఇంకా ఉంది,
ఎవరూ తట్టలేదు గనక.

గుడ్డులోకి తెచ్చుకున్న పొట్లం విప్పి
చిటికెడు ఉప్పు వేసి కలిపింది.
గరిటె నిటారుగా నిలబడిపోయింది.
ఉప్పు తిన్న విశ్వాసం మట్టిక్కూడా ఉంటుందేమో!
లాగ్‌బుక్‌లో దానికి గడి లేదు,
నేను రాయలేదు.

ఓస్ముండ్ వేలు ముంచి నాకి చూశాడు.
"ఎంత కావాలి?"
"బావులు దింపి పొటాషియం ఉప్పు పోస్తాం.
ఏళ్ళు పడుతుంది."

అతను కొట్టం వైపు వెళ్ళాడు,
పసిబిడ్డ నిద్రపోతున్న గదిలోలా
మునివేళ్ళమీద, బూట్లతోనే.